ఫాదర్ లేని ఊళ్లో పండుగ లెక్క

పోయిన సంచికలో జపాన్ వేదసాక్షుల మీద, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల మీద, ఒక చిన్న వ్యాసం వేశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు. వ్యాసం చూడనివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా: ఫ్రాన్సిస్ శౌరివారు (ఫ్రాన్సిస్ జేవియర్) 1549 ఆగస్టు 15న కగోషిమాలో దిగారు. 1614 నాటికి జపాన్‌లో క్రైస్తవులు సుమారు 3 లక్షల మంది అయ్యారు. ఆ ఏడే తొకుగావా ప్రభుత్వం దేశమంతటా మతాన్ని నిషేధించింది. 1644లో ఆఖరి గురువు కొనిషి మాన్షో కూడా ప్రాణం ఇచ్చాక దేశంలో ఒక్క ఫాదర్ కూడా బయట మిగల్లేదు. మళ్లీ 1865లో నాగసాకి పక్క ఉరకామి పల్లె రైతులు ఓవురా గుడికి వచ్చి, మేమూ మీ వాళ్లమే అన్నారు. ఆ మధ్యలో 221 ఏళ్లు.

ప్రశ్న: మా ఊరికి ఫాదర్ గారు రెండు నెలలు రాకపోతే గుడి తలుపు తీసే దిక్కుండదు. అక్కడ రెండు వందల ఏళ్లు ఎవరు నడిపించారు? ఎలా నడిపించారు? – ఒక ఉపదేశి, ఖమ్మం జిల్లా

నడిపించింది మీలాంటి వాళ్లే. గురువులు ఊళ్లో ఉన్న రోజుల్లోనే విశ్వాసుల సహవాసాలు కట్టి పెట్టారు. రోగుల్ని చూడటం, శవాన్ని మోయడం, ఆదివారం నాడు ఫాదర్ లేకపోతే జపం చెప్పించడం, ఇవన్నీ అప్పటికే ఊరివాళ్ల చేతిలో ఉన్న పనులు. గురువుల్ని తరిమేశాక ఆ సహవాసాలే ఇళ్లలోకి దిగిపోయాయి. హింస మొదలయ్యాక కొత్తగా కట్టాలని చూసి ఉంటే ఒక్క తరం కూడా నిలిచేది కాదని మా నమ్మకం.

ఉరకామిలో ఏర్పాటు ఇలా ఉండేది. ఊరంతటికీ పెద్ద ఒక్కడు, చోకత. ఆ మాటకు లెక్కల పుస్తకం చూసేవాడని అర్థం. పండుగలు, ఉపవాసాలు, పని చేయకూడని రోజులు ఆయన లెక్క కట్టాలి. ఆయన కింద ఒక్కో పేటకు ఒక మిజుకత, అంటే నీళ్ల మనిషి. జ్ఞానస్నానం ఇవ్వడం ఆయన పని. వాళ్ల కింద ఒక్కో వాడకు ఒక కికియకు. ఈ వారం ఏ పండుగ, ఏ రోజు మాంసం ముట్టకూడదు, ఎవరింట బిడ్డ పుట్టింది, ఈ కబుర్లన్నీ పైకీ కిందికీ మోసేవాడు. ఇంటివాళ్లకు తమ కికియకు తెలిస్తే సరిపోతుంది. ఒకడు పట్టుబడినా తీగంతా కదలకుండా ఇది కొంతవరకు కాపాడింది.

ఉపదేశిగా మీకు తెలిసిందే, అవసరంలో జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు. మూడు సరిగ్గా ఉండాలి: మామూలు నీళ్లు, అవి తల మీద పారడం, పారుతుండగానే పితపుత్ర పవిత్రాత్మల పేరు పలకడం. పెళ్లికి కూడా ప్రాణం వధూవరుల సమ్మతిలోనే ఉంది. కాబట్టి ఈ రెండూ దక్కాయి. దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం), అభ్యంగనం (రోగికి తైలం పూయడం) గురువు లేకుండా జరగవు కనుక పోయాయి. వాళ్లు వాటిని తమంతట తాము చేసేసుకోలేదు. గురువు చేసే పనిని ఖాళీగానే ఉంచారు. 1865లో గురువు కనపడగానే ఆ చోటు ఎవరిదో చెప్పగలిగింది అందుకే అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మిజుకత పలికే మాటలు లాటిన్‌వి. తరం తరానికి నోట్లో అరిగాయి. 1865 తర్వాత వచ్చిన ఫ్రెంచి గురువులు ఊరూరా మిజుకతల్ని కూర్చోబెట్టి, ఏం పలికేవారో చెప్పించుకుని విన్నారు. అనుమానం ఉన్నచోట "ఇంతకుముందు పొందకపోయి ఉంటే" అని షరతు పెట్టి మళ్లీ ఇచ్చారు.

ప్రశ్న: కేలండర్ అచ్చు లేదు, గుడి గంట లేదు. ఈస్టర్ ఎప్పుడో ఎలా తెలిసేది? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

వచ్చిన ఉత్తరాల్లో మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మన తెలుగువాళ్లకు చెప్పడం కూడా తేలిక, ఎందుకంటే అప్పటి జపాన్ పంచాంగం మన పంచాంగం లాంటిదే. చంద్రుణ్ణి బట్టి నెలలు, సంవత్సరానికి సుమారు 354 రోజులు, వెనకబడ్డ రోజులు సర్దడానికి మధ్యమధ్యలో అధికమాసం. ఇంగ్లిషు తేదీల్లో మన ఉగాది ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది కదా. వాళ్లకు ఇదే తిరగేసి జరిగేది. మార్చి 25 మంగళవార్త పండుగ వాళ్ల పంచాంగంలో ఒక ఏడు రెండో నెల 26 అయితే, మరుసటి ఏడు అదే తిథికి రాదు. ఏటా కొత్తగా కట్టుకోవాల్సిందే.

ఆ కట్టడానికి వాళ్ల చేతిలో ఉన్న మూలం 1634 నాటి పండుగల పట్టిక. దాన్ని బాస్టియన్ అనే జపాన్ ఉపదేశి ఇచ్చి వెళ్లాడని నాగసాకి దగ్గరి సోతోమె ప్రాంతం వాళ్లు చెప్పుకుంటారు. ఏటా బజారులో దొరికే ప్రభుత్వ పంచాంగంలో ఏ నెల 29 రోజులు, ఏ నెల 30, అధికమాసం ఎక్కడ, విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) ఎప్పుడు అన్నవి ఉంటాయి. చోకత ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని ఆ ఏటి పండుగలు దించేవాడు.

తమాషా ఏమిటంటే, అన్నిటికంటే కష్టం అనుకునే ఈస్టరే వాళ్లకు సులువు. వసంత విషువత్తు తర్వాత వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. చాంద్రమాసంలో పౌర్ణమి కోసం ఆకాశం చూడక్కర్లేదు, నెలలో 15వ రోజు ఎటూ తెలుసు. అసలు కష్టం ఆదివారంతో. అప్పటి జపాన్‌లో ఊరి జనానికి ఏడు రోజుల వారం అన్న లెక్కే లేదు. కాబట్టి దొమింగో, సెగుందా, తెర్సా అంటూ పోర్చుగీసు పేర్లతో వారాన్ని వాళ్లే నోటితో లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒక్క రోజు జారిందా, ఇక దిద్దే దారి లేదు, బయట ఎవర్నీ అడగలేరు.

ఆ లెక్క ఎంత గట్టిగా నిలిచిందో చూపే సాక్ష్యం ఒకటుంది. 1865 మార్చి 17న ఉరకామి నుంచి పదిహేను మంది దాకా ఓవురా గుడికి వచ్చారు. అక్కడున్న ఫ్రెంచి గురువు ఫాదర్ పెతీజాన్. ఒక స్త్రీ ఆయన దగ్గరకొచ్చి, మా గుండె మీ గుండె ఒకటే అని మెల్లగా చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడ అని అడిగింది. మాటల్లో వాళ్లు, ఇవాళ దుఃఖకాలంలో (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసకాలం) పదిహేడో రోజు అన్నారు. ఇప్పుడు మీరే లెక్క పెట్టండి. 1865లో ఈస్టర్ ఏప్రిల్ 16. దానికి 46 రోజులు వెనక్కి వెళితే ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం, మార్చి 1. అక్కడి నుంచి మార్చి 17 సరిగ్గా పదిహేడో రోజు. 230 ఏళ్ల లెక్క ఒక్క రోజు కూడా తప్పలేదు! పైగా అప్పటికి తొమ్మిదేళ్ల ముందే, 1856 దాడిలో ఉరకామి ఏడో చోకత కిచిజోను పట్టుకున్నారు. ఆయన జైల్లోనే పోయాడు.

ప్రశ్న: వాళ్లు ఏటా క్రీస్తు బొమ్మను కాలితో తొక్కేవారని చదివాను. తొక్కినవాళ్లను సాక్షులు అని ఎలా అంటాం? ప్రాణమిచ్చినవాళ్లకు ఇది అన్యాయం కాదా? – విశాఖపట్నం నుంచి ఒక పాస్టర్ గారు

అడగాల్సిన ప్రశ్నే, పాస్టర్ గారూ. తొక్కారు. దాన్ని దాచి మెత్తగా చెప్పడం మాకూ ఇష్టం లేదు. ముందు ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. ఫుమియె అంటే తొక్కే బొమ్మ. మొదట్లో గుంజుకున్న పటాల్నే తొక్కించేవారు, అవి అరిగిపోయాయి. 1669లో హగివారా యూసా అనే పోతపనివాడితో 20 ఇత్తడి పలకలు పోయించారు. పుస్తకం సైజుకు కాస్త అటూఇటుగా ఉంటాయి. నాగసాకిలో కొత్త సంవత్సరం మొదటి నెలలో ఇంటి పట్టీ పట్టుకుని పేరు పేరునా పిలిచి, వట్టికాళ్లతో తొక్కించి, పట్టీలో రాసుకునేవారు. పిల్లలకూ మినహాయింపు లేదు. చుట్టుపక్కల సంస్థానాలు ఆ పలకల్ని నాగసాకి నుంచి అద్దెకు తెచ్చుకున్నట్టు తెచ్చుకుని తిరిగి అప్పజెప్పేవి. ఇప్పుడు మ్యూజియంలో ఉన్న పలకల్ని చూస్తే అంచులు గట్టిగానే ఉంటాయి, మధ్యలో ముఖం మాత్రం నున్నగా అరిగి ఉంటుంది.

ఇది ఒక్కటే కాదు. ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు రాయించుకోవాలి. అయిదిళ్లకు ఒక కట్టు, ఒక ఇంట్లో క్రైస్తవుడు దొరికితే మిగతా నాలుగిళ్లదీ తప్పే. 1682 నాటి ప్రకటన బల్ల మీద ఫాదర్‌ను పట్టిచ్చినవాడికి 500 వెండి బిళ్లలు, బ్రదర్‌ను పట్టిచ్చినవాడికి 300, మామూలు విశ్వాసిని పట్టిచ్చినవాడికి 100 అని రాసి ఉంది. ఒక్కో బిళ్ల 160 గ్రాముల వెండి. 500 అంటే 80 కిలోలు!

తొక్కి ఇంటికి వచ్చాక వాళ్లు చేసింది ముఖ్యం. తాము చేసింది పాపం కాదని వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. కొన్చిరిసాన్ అనే మనస్తాప జపం చెప్పుకునేవారు. పోర్చుగీసు మాటే అలా మారింది. గురువులు ఉన్నప్పుడే, 1603లో, దీని మీద ఒక చిన్న పుస్తకం అచ్చయింది. గురువు దొరకని చోట నిండు మనస్తాపంతో పాపక్షమ దొరుకుతుంది, కానీ గురువు దొరికిన రోజు పాపసంకీర్తనం చేస్తానన్న నిశ్చయం అందులో ఉండాలి అని దాని బోధ. పుస్తకాల్ని తగలబెట్టినా చేతిరాత ప్రతులు సోతోమెలో మిగిలాయి. అంటే ప్రతి ఏడూ తొక్కడం, ప్రతి ఏడూ పాపసంకీర్తనం బాకీ పెట్టుకోవడం. ఆ బాకీని తండ్రి కొడుక్కి అప్పజెప్పాడు. ఏడు తరాలు గడిచాక నల్ల ఓడలో గురువులు వస్తారు, వారం వారం పాపసంకీర్తనం చేసుకోవచ్చు అని బాస్టియన్ చెప్పి పోయాడన్న నమ్మకం దీనితో ముడిపడిందే.

వేదసాక్షుల పక్కన వీళ్లను సమానంగా నిలబెట్టమని మేం అనం. ఆ తరాజు మా చేతిలో లేదు. అయితే ఒక్క మాట. 1597లోనో 1622లోనో ప్రాణమిచ్చినవాళ్ల పేర్లను జపంలో తలుచుకుంటూ వచ్చింది ఈ తొక్కినవాళ్లే.

ప్రశ్న: చచ్చాక శవం బౌద్ధ ఆలయం చేతికే పోతుంది కదా. అంత్యక్రియలు ఏం చేసేవారు? – నల్లగొండ నుంచి

భిక్షువు వచ్చి సూత్రాలు చదవాల్సిందే, తప్పదు. అది జరుగుతున్నంతసేపూ మరో గదిలోనో పక్కింట్లోనో కొందరు కూర్చుని, ఆ చదువు ఈ ఆత్మకు తగలకుండా చేసే జపం చెప్పేవారు. దాని పేరే సూత్రం చెరిపే జపం. ఈ చావు దగ్గరే 1867లో కథ మలుపు తిరిగింది. గురువులు దొరికారన్న ధైర్యంతో ఉరకామి వాళ్లు భిక్షువును పిలవకుండా శవాన్ని పూడ్చి, ఇకమీదట మాకు ఆలయంతో పని లేదని ఊరిపెద్దకు చెప్పేశారు. ఆ వేసవిలో ఒక రాత్రి 68 మందిని పట్టుకుపోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, నిషేధం మాత్రం మారలేదు. ముందు 114 మందిని, 1870లో మిగతా ఊరంతటినీ, మొత్తం 3,400 మంది దాకా పశ్చిమ జపాన్ సంస్థానాలకు పంచిపెట్టి దేశాంతరం పంపారు. 600 మందికి పైగా తిరిగి రాలేదు. త్సువానోలో చలికాలం గడ్డకట్టిన చెరువులో దించారు, మనిషి నిలబడనూ పడుకోనూ వీల్లేని మూడడుగుల బోనులో పెట్టారు. గోతో దీవుల్లోని హిసాకాలో 20 చదరపు మీటర్ల కొట్టంలో 200 మందిని నెలల తరబడి కుక్కారు. 1873 ఫిబ్రవరి 24న నిషేధం రాసిన ప్రకటన బల్లలు దించాక బతికినవాళ్లు ఇంటికొచ్చారు. ఆ ఏళ్లను వాళ్లు "ప్రయాణం" అని మాత్రమే చెప్పుకున్నారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో "మరియా కన్నోన్" అని తెల్ల పింగాణీ బొమ్మ అమ్మకానికి చూశాను. వెనక చిన్న సిలువ చెక్కి ఉంది. అసలుదేనా? – హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి

కొనకండి. సిలువ ఉంది కాబట్టి అసలుదని అమ్మేవాళ్లు అంటారు. మాకైతే ఆ సిలువే అనుమానం. ఈ బొమ్మలు ఎక్కువగా చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చిన కన్నోన్ బొమ్మలు. కన్నోన్ అంటే బౌద్ధుల కరుణామూర్తి. ఒళ్లో బిడ్డతో ఉన్న కన్నోన్‌ను సంతానం కోసం బౌద్ధులూ కొనేవారు. గుప్త క్రైస్తవులు అదే బొమ్మను మరియమాతగా చూసుకున్నారు. బొమ్మలో ఏ తేడా లేకపోవడమే దాని ప్రయోజనం. దాని మీద సిలువ గీస్తే ఇల్లు సోదా చేసినరోజు ఇంటిల్లిపాదీ పోతారు. కాబట్టి బొమ్మను ఎంత తిప్పి చూసినా తేలదు, అది ఏ ఇంట్లో ఉండేది, ఎవరు ఎప్పుడు తీసుకున్నారు అన్న రికార్డు ఉంటేనే తేలుతుంది. 1856లో ఉరకామిలో గుంజుకున్నవి ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. వాటికి ఆ రికార్డు ఉంది.

ప్రశ్న: పుస్తకం లేకుండా నోటితోనే నడిస్తే బోధ చెడిపోలేదా? – కర్నూలు నుంచి

కొంత చెడింది. సోతోమె వాళ్లు చెప్పుకున్న సువార్త కథలో యేసుకు మరణశిక్ష వేసిన పొంతి పిలాతు ఇద్దరు మనుషులైపోయాడు, ఒకడు పోన్షా, ఇంకొకడు పిరోతో. ఇకిత్సుకి దీవిలో జపాల్ని ఒరషో అంటారు, లాటిన్ ఒరాసియో నుంచి. మొత్తం వరస చెప్పడానికి అరగంట పైనే పడుతుంది. అందులో "గురురియోజా" అని ఒక పాట ఉంది. పాడేవాళ్లకు అర్థం తెలియదు. సంగీత పండితుడు తత్సువో మినగావా వెతికి వెతికి, అది "ఓ గ్లోరియోజా దోమినా" అనే మరియమాత కీర్తన అని, 16వ శతాబ్దపు స్పెయిన్ పాటల పుస్తకంలో దాని బాణీ ఉందని తేల్చారు. స్పెయిన్‌లోనే అది వాడుకలోంచి పోయింది, చేపలు పట్టుకునే ఒక దీవిలో మిగిలింది.

1873 తర్వాత అందరూ కథోలిక సంఘంలోకి తిరిగి రాలేదు కూడా. ఇకిత్సుకిలో చాలా ఇళ్లవాళ్లు, తాతలు చేసినట్టే చేస్తాం అని విడిగా ఉండిపోయారు. వాళ్లది మొండితనం అని కొట్టిపారేసే రచనలు మేం చూశాం. ఆ తీర్పుతో మేం ఏకీభవించం. మీ ముత్తాత ప్రాణం పెట్టి కాపాడిన జపం తప్పు పాఠం అని ఎవరో వచ్చి చెబితే, మీరైనా వెంటనే ఒప్పుకుంటారా?

ప్రశ్న: ఆ వేదసాక్షుల్లో మన దేశస్థుడు ఉన్నాడంటారు, నిజమా? ఇంకొకటి, మేం ఫుకుఓకాలో ఉంటున్నాం, ఒక రోజులో ఏం చూడొచ్చు? – ఒక తెలుగు కుటుంబం, జపాన్

నిజమే. గొన్సాలో గార్సియా, ముంబై దగ్గరి వసయిలో పుట్టినవాడు. జపాన్‌లో వ్యాపారం చేసి, తర్వాత ఫ్రాన్సిస్కన్ బ్రదర్ అయ్యాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకి నిషిజాకా కొండ మీద సిలువ వేసిన 26 మందిలో ఒకడు. క్యోటో నుంచి వాళ్లను చలికాలంలో నడిపించుకొచ్చారు, అందరిలో చిన్నవాడు లూయిస్ ఇబరాకికి పన్నెండేళ్లు. 1862లో పునీతులుగా ప్రకటించారు.

ఫుకుఓకాలోని హకాతా స్టేషన్ నుంచి రైల్లో నాగసాకికి గంటన్నర, తకెవో ఒన్సెన్‌లో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)కు మారాలి. నిషిజాకా కొండ స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక. గోడ మీద 26 కంచు విగ్రహాలు వరసగా ఉంటాయి, గొన్సాలో కోసం పిల్లల చేత వెతికించండి. తర్వాత ట్రామ్ ఎక్కి షించి చైనాటౌన్‌లో మారితే ఓవురా గుడి. లోపల ఫొటోలు తీయనివ్వరు. గోతో, హిరాదో వైపు చిన్న గుళ్లకు వెళ్లాలనుకుంటే ముందుగా కబురు పెట్టుకోండి, అవి ఇప్పటికీ పూజ జరిగే గుళ్లు.

సమయం ఉంటే ఉరకామి కేథడ్రల్ వదలొద్దు. దేశాంతరం నుంచి తిరిగొచ్చినవాళ్లు 1880లో ఊరిపెద్ద ఇంటి స్థలాన్నే కొనుక్కున్నారు, ఏటేటా తమ చేత ఫుమియె తొక్కించిన స్థలం అదే. 1895లో గుడి మొదలుపెట్టి 1914లో పూర్తి చేశారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు అక్కడికి అర కిలోమీటరు దూరంలో పేలింది. 12,000 మంది విశ్వాసుల్లో 8,500 మంది పోయారు. ఇప్పుడు కనపడేది 1959లో తిరిగి కట్టిన గుడి. కూలిన పాత గంటగోపురం ముక్క కింద వాగు పక్కన పడినచోటే ఉంది, దాన్నీ చూడండి.